రమణమ్మ పౌడర్, అమ్మ కరివేపాకు

మార్కాపురం,
5 ఫిబ్రవరి 2024.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు రమణమ్మకు అన్నయ్య నాగభూషణరావు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ వదిన, రామ్‌ప్రసాద్ అందరం బాగున్నాం. బావ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని మావాడు రామ్‌ప్రసాద్ నవ్వుతున్నాడు. వాడికేం తెలుసు? చెవిలో మిషన్ పెట్టుకుని నీతో ఫోన్లో మాట్లాడితే నాకు ఈల తప్ప ఇంకేమీ వినపడదు. పైగా నువ్వు అరిచే అరుపులకు కురిచేడు స్టేషన్లో ఆగని రైళ్లు కూడా ఆగుతాయి. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు, ఎవరి గొంతూ పోదు.

అసలు సంగతికి వస్తాను. కిరాణా దుకాణం వాడి చేతికిచ్చాక నాకు పని లేకుండా పోయింది. పక్కన చేసిన పలకల వ్యాపారం ఎప్పుడో పడిపోయింది, నీకు తెలిసిందే. ఇంట్లో కూర్చుంటే మీ వదిన "ఆ కాలు అట్ల తియ్యి, ఈ కాలు ఇట్ల పెట్టు" అంటూ నా చుట్టూ చీపురు తిప్పుతోంది. అందుకని వెనక గదిలో బట్టలుతికే పొడి తయారుచేయడం మొదలుపెట్టాను. సోడా, ఉప్పు, నురగ మందు, మల్లెపూల సెంటు. రెండు డ్రమ్ములు, ఒక జల్లెడ, నేను, సాయానికి మన దుకాణంలో పనిచేసే పిచ్చయ్య. పేరేం పెట్టానో చెప్పుకో. రమణమ్మ వాషింగ్ పౌడర్! నాయన పెట్టిన దుకాణంలో కూర్చున్నాను, కొడుకు నడిపే దుకాణంలో కూర్చున్నాను. డెబ్బై రెండో ఏట ఇది నా సొంత సరుకు. అది నిలబడుతుందా లేదా అని రాత్రీ పగలూ ఒకటే ఆలోచన.

పిచ్చయ్య పనిమీద అటు వస్తున్నాడు, నాలుగు ప్యాకెట్లు పంపుతున్నాను. పుట్టింటి వస్తువని మొహమాటపడకుండా ఎలా ఉందో రాయి.

నీ పెరట్లో అమ్మ కరివేపాకు బాగుందా? ఇక్కడి తల్లిచెట్టును చూసినప్పుడల్లా, నీ పెళ్లైన వారానికి అమ్మ దాని పిలకను తడిగోనెలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రైలెక్కడం గుర్తొస్తుంది. టిక్కెట్ కలెక్టరు చంటిబిడ్డ అనుకుని పక్కకు జరిగాడట.

నీ అన్నయ్య,
నాగభూషణరావు


కురిచేడు,
21 ఫిబ్రవరి 2024.

పూజ్యులైన అన్నయ్యకు, వదినకు రమణమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. బావ మోకాళ్లు ఆయన మాట వింటున్నాయి, ఆయనే నా మాట వినడం లేదు.

పిచ్చయ్య ప్యాకెట్లు ఇచ్చి, మూడు గ్లాసుల మజ్జిగ తాగి వెళ్లాడు. ఆ ప్యాకెట్ మీద తెల్లచొక్కా పట్టుకుని నవ్వే పిల్ల ఎవరన్నయ్యా? పాతికేళ్లు కూడా ఉండవు. కింద నా పేరు చూసి మీ బావ ఆ రోజంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అరవై ఆరేళ్లలో నా పేరు అచ్చులో చూసుకున్నది పెళ్లిపత్రికలో ఒకసారి, ఇప్పుడు ఇంకోసారి. ప్యాకెట్ కత్తిరించి పేరున్న ముక్కను దేవుడి గదిలో దాచుకున్నాను.

పొడి బ్రహ్మాండంగా ఉంది. నురగ బకెట్టు దాటి పొంగింది. పక్కింటి విజయమ్మ తెలుసు కదా, మిరప కోతలకు పోయే ఆవిడ. గోడ మీదుగా చూసి "ఏందమ్మా, మల్లెపూలు ఉడకబెడతా ఉండావా?" అంది. మీ బావ పంచె కొత్తదానిలా అయింది.

అమ్మ చెట్టు గురించి అడిగావు. ఇక్కడ కుళాయి వారానికి రెండు రోజులే. ఉతికిన నీళ్లు వీధిలోకి వదిలితే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. అందుకే మా మామగారు ఉతికే బండ నుంచి చెట్టు పాదులోకి నేరుగా సిమెంటు కాలువ కట్టించారు. నలభై నాలుగేళ్లుగా చెట్టు ఆ బిళ్ల సబ్బు నీళ్లే తాగుతోంది. ఇప్పుడు నీ పౌడర్ నీళ్లు తాగి ఇంకా నిగనిగలాడుతోంది. ఎండలు ముదరకముందే మార్కాపురం వచ్చి నీ కార్ఖానా చూస్తాను.

నీ చెల్లెలు,
రమణమ్మ


మార్కాపురం,
14 మార్చి 2024.

చి. సౌ. రమణమ్మకు ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. తర్వాత రామ్‌ప్రసాద్‌కు, పిచ్చయ్యకు, ఉప్పు కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లకు కూడా చదివాను. వాళ్లు ఉప్పుతో పాటు పౌడర్ కూడా తీసుకుపోయారు. నీ చెయ్యి మంచిదమ్మా.

ఈసారి సోడా ఇంకొంచెం పెంచాను, మురికి ఇంకా బాగా పోతుంది. ఉప్పు కూడా పెంచాను, పొడి గడ్డకట్టదు. పన్నెండు ప్యాకెట్లు పంపుతున్నాను. నీ చెట్టు నిగనిగలాడుతోందని రాశావు చూడు, ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఇంత మంచి గుణం మన సరుకులో ఉందని తయారుచేసిన నాకే తెలియదు! కొత్త కవర్లు అచ్చు వేయిస్తున్నాను. వాటిమీద "బట్టలకు తెలుపు, మొక్కలకు బలం" అని పెద్దక్షరాలతో వేయిస్తాను. కింద "రమణమ్మగారి అనుభవం" అని చిన్నక్షరాలు. జూన్ మొదటివారానికి అచ్చు పూర్తవుతుంది. దోర్నాల దారిలో హోటళ్లవాళ్లు కూడా తీసుకుంటామంటున్నారు.

ఉగాదికి నేను కురిచేడు వస్తాను. చెట్టు పక్కన నిన్ను నిలబెట్టి ఫోటో తీయించాలి. ఆ పాతికేళ్ల పిల్లను పీకేసి నిన్నే వేయిద్దాం.

నీ అన్నయ్య


కురిచేడు,
30 మార్చి 2024.
(రాసి, పోస్టు చేయకుండా ట్రంకుపెట్టెలో ఉంచిన ఉత్తరం)

అన్నయ్యా,

ఎలా రాయాలో తెలియడం లేదు. అమ్మ చెట్టు పోయేట్టుంది.

ముందు ఆకు అంచులు ఇటుకరంగుకు తిరిగాయి. ఎండ దెబ్బనుకున్నాను. తర్వాత ఆకు పసుపుపచ్చగా మారి, చెయ్యి తగిలితే చాలు రాలుతోంది. పాదులో మట్టి మీద తెల్లటి పొర కట్టింది. గోటితో గీకి నాలుక మీద వేసుకుంటే ఉప్పగా, చేదుగా ఉంది. విజయమ్మ చూసి "నీ పౌడరే తిన్నదమ్మా దాన్ని. మా మేస్త్రీ ఇంటికాడ బంతిచెట్లు కూడా సబ్బునీళ్లకు ఇట్లనే పోయినాయి" అంది. నేను ఆవిడమీద కస్సుమన్నాను. పుట్టింటి వస్తువును ఒక మాట అంటే నేను ఊరుకోలేను.

కానీ ఆవిడ చెప్పింది నిజమేనని నాకు తెలుసు. నువ్వు నిగనిగలాడుతోందని చదివి నిద్రపోలేదన్నావు. నేను ఊరికే నిన్ను సంతోషపెడదామని రాశాను. అప్పటికి పౌడర్ నీళ్లు పోసి పదిహేను రోజులు కూడా కాలేదు, చెట్టు ఎప్పటిలాగే ఉంది. ఇప్పుడు నా పేరు కింద అబద్ధం అచ్చవుతోంది. ఎవరెవరి చెట్లు పోతాయో. చెబితే నీ మనసు విరుగుతుంది. ఎంత మురిసిపోతున్నావో ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

అమ్మ ఉంటే నాకు ఏం చెప్పేదో


కురిచేడు,
31 మార్చి 2024.

పూజ్యులైన అన్నయ్యకు నమస్కారాలు.

పన్నెండు ప్యాకెట్లూ అందాయి. చాలా బాగున్నాయి. ఉగాదికి రావద్దన్నయ్యా. ఇల్లంతా సున్నం వేయిస్తున్నాం, సామాన్లన్నీ వాకిట్లో ఉన్నాయి, పడుకోవడానికి చోటు లేదు. నువ్వొస్తే ఇబ్బంది పడతావు.

కవరు మీద మొక్కల సంగతి ఇప్పుడే ఎందుకు? మెల్లగా చూసుకోవచ్చు. అక్షరాలు ఎక్కువైతే కవరు అందం పోతుంది.

రమణమ్మ


మార్కాపురం,
13 ఏప్రిల్ 2024.

చెల్లెలికి.

ఉగాది వెళ్లిపోయింది. పచ్చడి తిన్నాం. సున్నం పూర్తయిందనుకుంటాను.

పిచ్చయ్య మొన్న మీ ఊరు మీదుగా వచ్చాడు. మీ ఇంటికి సున్నం వేసిన జాడే లేదని, వాకిట్లో ఒక్క సామాను కూడా లేదని చెప్పాడు. నేను రావడం నీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయొచ్చు. నేను ముసలివాణ్ణి, చెవుడు ఉన్నవాణ్ణి, నాతో మాట్లాడాలంటే కష్టమే. ఒప్పుకుంటాను. సున్నాన్ని అడ్డం పెట్టడం ఎందుకు?

అయితే పిచ్చయ్య ఇంకో మాట కూడా చెప్పాడు. మీ వీధిలో ఏ ఇంట్లో చూసినా మన ప్యాకెట్టే ఉందట. నువ్వే పంచిపెట్టావట. అది విని కొంచెం తేలికపడ్డాను. పాతిక ప్యాకెట్లు గోనెలో కట్టి పంపుతున్నాను.

నువ్వు ఎండలు ముదరకముందే ఇక్కడికి వస్తానన్నావు. ఇప్పుడు వద్దులే. ఎండలు నలభై నాలుగు దాటాయి, వెనక గది నిండా డ్రమ్ములు, పెరట్లో కాలు పెట్టడానికి వీల్లేదు. వానలు పడ్డాక చూద్దాం.

నాగభూషణరావు


కురిచేడు,
22 మే 2024.

అన్నయ్యకు రమణమ్మ రాసేది.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. మూడు రోజులు ఏడ్చాను, వారం రోజులు కోపంతో తిరిగాను. పుట్టింటికి రావద్దని నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ పోయిన ఏడాది కూడా వదిన నన్ను పిలిచి పది రోజులు ఉంచుకుంది. మీ బావ అయితే "మీ అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఒకరినొకరు రావద్దనుకుంటా ఉత్తరాలు రాసుకోవడం ఏంది?" అని అడిగారు.

ఇంక దాచను. ఈ కవర్లో మార్చి ముప్పైన రాసి పోస్టు చేయని ఉత్తరం ఉంది. ముందు అది చదువు, తర్వాత మిగతాది చదువు.

చదివావా? అయితే విను. పంచిపెట్టింది నీ సరుకు నచ్చి కాదు. ఇంట్లో ఉంటే వాడాలి, వాడితే చెట్టు చస్తుంది. పుట్టింటి నుంచి వచ్చింది పారబోస్తే పాపం. ఎలా వదిలించుకోవాలో తెలియక వీధిలో ఏడిళ్లకు ఇచ్చాను. వాళ్లు కూడా నాలాగే ఉతికిన నీళ్లు పాదులకు పోశారు. నాగరత్నమ్మ బీరపాదు పసుపుపచ్చగా తిరిగింది. "రమణమ్మత్తా, నీ పేరున్న పొడి మా పాదును తినె" అని వాకిట్లో నిలబడి అడిగింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నువ్వు వ్యాపారస్తుడివి. మాట నమ్మవు, మచ్చు చూస్తే నమ్ముతావు. అందుకని మచ్చు తయారుచేశాను. మూడు కొబ్బరిచిప్పల్లో మట్టి పోసి ఒక్కోదాంట్లో ఇరవై మెంతులు లెక్కపెట్టి వేశాను. ఒకదానికి మంచినీళ్లు. రెండోదానికి బట్టలు ఆఖరిసారి జాడించిన నీళ్లు. మూడోదానికి పొడి కలిపి ఉతికిన మొదటి నీళ్లు. పది రోజులు నేనే పోశాను, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. మంచినీళ్లవి పంతొమ్మిది మొలిచాయి, వేలెడంత ఎత్తు. జాడించిన నీళ్లవి పదిహేను, కొంచెం పొట్టి. ఉతికిన నీళ్లవి మూడే మొలిచాయి. వేరు లేదు, కొస మాడిపోయింది. మూడు రకాలూ కాగితానికి అంటించి పంపుతున్నాను. చూసుకో.

నిన్ను కించపరచాలని కాదు అన్నయ్యా. బట్టలకు నీ పొడి నిజంగా మంచిదే. కానీ ఆ కవరు అచ్చు కాకముందే ఆపు. నా పేరు తీసెయ్యి, లేకపోతే ఆ మాట తీసెయ్యి.

నేను ఏప్రిల్ నుంచి కాలువకు గుడ్డలు కుక్కి నీళ్లు వీధిలోకి వదులుతున్నాను. ప్రతి రెండో రోజూ తాగే నీళ్లల్లోంచి రెండు బిందెలు చెట్టుకు పోస్తున్నాను. ఒక్క ఆకు లేదు. పైకొమ్మలు పుటుక్కుమని విరుగుతున్నాయి. నీ దగ్గర తల్లిచెట్టు ఉంది కదా అన్న ఒక్క ధైర్యంతో ఉన్నాను. అది బాగుందని ఒక ముక్క రాయి.

నీ చెల్లెలు,
రమణమ్మ


మార్కాపురం,
29 మే 2024.

రమణా,

చిన్నప్పటి పేరుతో పిలుస్తున్నాను, కోప్పడకు. తల్లిచెట్టు లేదమ్మా.

ఏం జరిగిందో దాచకుండా రాస్తాను. మన ఇంట్లో ఉతికిన నీళ్లు ఎప్పుడూ వీధికాలువలోకే పోయేవి. ఫిబ్రవరిలో నీ ఉత్తరం వచ్చింది, పౌడర్ నీళ్లకు చెట్టు నిగనిగలాడుతోందని. వెంటనే పిచ్చయ్యను పెట్టి గాడి తవ్వించి ఆ నీళ్లు తల్లిచెట్టుకు మళ్లించాను. అది చాలదని డ్రమ్ములు కడిగిన నీళ్లు కూడా పోయించాను. తొందరగా చిగురేస్తుందని ఆశ. మార్చి ఆఖరుకు ఆకు రాలడం మొదలైంది. మీ వదిన "నువ్వే చంపుతా ఉండావు దాన్ని, ఆ నీళ్లు ఆపు" అని నెత్తీనోరూ కొట్టుకుంది. నేను విన్లేదు. నా చెల్లెలు రాసింది కదా అన్నాను. ఉగాది నాటికి మోడు మిగిలింది. మొన్న కొమ్మ గిల్లి చూస్తే లోపల కూడా గోధుమరంగు.

నువ్వు వస్తే చూస్తావని భయపడ్డాను. అందుకే ఎండలు, డ్రమ్ములు అన్నాను. నువ్వు సున్నం అడ్డం పెట్టావు, నేను డ్రమ్ములు అడ్డం పెట్టాను. ఇద్దరం అమ్మ పిల్లలమే.

నువ్వు పంపిన మచ్చు దుకాణంలో గల్లాపెట్టె మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. అరవై ఏళ్లుగా కందులు, మినుములు మచ్చు చూసి బేరం చేసినవాణ్ణి. ఇంత చక్కటి మచ్చు ఎవరూ చూపించలేదు. అచ్చుకు వెళ్లిన కవర్లు ఆపించాను. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే గుండెల మీది బరువు దిగింది. నేనొక్కణ్ణే తప్పు చేశాననుకుని రెండు నెలలు ఎవరికీ చెప్పలేక చచ్చాను.

కానీ ఒక్క భయం మిగిలింది. నీ చెట్టు కూడా పోతే అమ్మ చేతి మొక్క రెండిళ్లల్లోనూ లేనట్టే. వానలు పడేదాకా కొట్టించకు. దండం పెడతాను.

అన్నయ్య


కురిచేడు,
27 జూన్ 2024.

అన్నయ్యా!

ముందుగా చెప్పేస్తున్నాను, ఉంది. అమ్మ కరివేపాకు ఉంది!

వదిన మాట నువ్వు వినలేదు, విజయమ్మ మాట నేను వినలేదు. చివరకు ఆ విజయమ్మే మనకు దిక్కైంది. జూన్ రెండోవారంలో వరసగా నాలుగు వానలు పడ్డాయి. పాదులోని తెల్లపొర కొట్టుకుపోయింది కానీ చెట్టు మాత్రం కదల్లేదు. నేను ఆశ వదులుకున్నాను. మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూనే విజయమ్మ గోడ మీద నుంచి కేకేసింది. "అమ్మా, బిన్నా రా, పరిగెత్తి రా. నా జామచెట్టు కాడ నీ కరేపాకు లేసింది!"

గోడ చుట్టూ తిరిగి పోవడానికి కూడా ఓపిక లేక, బకెట్టు బోర్లించి ఎక్కి చూశాను. మూడు పిలకలు అన్నయ్యా. మన చెట్టు వేరు ఎప్పుడో గోడ కిందనుంచి ఆవిడ పెరట్లోకి పోయింది. ఇటు ఉప్పు పడ్డా అటు కొస బతికే ఉంది. జానెడు పొడవు, ఎర్రటి చిగుళ్లు. గిల్లి వాసన చూశాను. అక్కడే, బకెట్టు మీద నిలబడే ఏడ్చాను. మీ బావ కింద నుంచి "పడతావు, దిగు" అంటూనే ఉన్నారు.

నేను ఇచ్చిన ప్యాకెట్టు నువ్వు వాడలేదా విజయమ్మా అని అడిగాను. "వాడతానా అమ్మా? అంత మంచి వాసన! పెట్టెలో చర్చి చీర మధ్య పెట్టుకున్నా. గుడ్డలకు నాకు బిళ్ల సబ్బు చాలు" అంది. నీ సరుకుకు ఇంతకంటే మంచి బేరగాళ్లు దొరకరు.

వచ్చే శుక్రవారం ఉదయం రైలుకు బయల్దేరుతున్నాను. ఒక పిలకను వేరుమట్టితో సహా విజయమ్మే తవ్వి ఇస్తానంది. తడిగోనె సిద్ధం చేసుకున్నాను. ఒకటి ఆవిడ పెరట్లోనే ఉంటుంది, ఇంకొకటి నాకు. నువ్వు ఆ పాత పాదులో మట్టి రెండడుగుల లోతు తీయించి, చెరువుమట్టి పోయించి ఉంచు. రావద్దని మాత్రం రాయకు, రాసినా నేను చదవను.

రమణ


మార్కాపురం,
18 సెప్టెంబరు 2024.

చి. సౌ. రమణకు ఆశీస్సులు. విజయమ్మగారికి నమస్కారాలు, తప్పకుండా చెప్పు.

నువ్వు నాటి వెళ్లిన పిలక మోకాలెత్తు అయింది. నిన్న మీ వదిన పులుసులోకి రెండు రెబ్బలు తుంచింది. నేను కేకలేశాను. "అత్తమ్మ ఉంటే తనే తుంచి ఇచ్చేది, నువ్వేంది అడ్డం?" అంది. తిరగమోత వాసన వచ్చేసరికి చెయ్యి కడుక్కోకుండానే వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. అమ్మ వంట చేస్తున్నట్టే ఉంది.

పొడిలో ఉప్పు మానేశాను, సోడా సగానికి తగ్గించాను. కొంచెం గడ్డ కడుతోంది, కట్టనీ. బేరాలు మెల్లగా వస్తున్నాయి. దోర్నాల హోటళ్లవాళ్లు రాలేదు కానీ ఇక్కడి ఆడవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చి అడుగుతున్నారు. నా సరుకు నిలబడింది రమణా.

కొత్త కవరు ఒకటి ఇందులో పెట్టాను. పాతికేళ్ల పిల్లను తీసేశాను. నువ్వు వచ్చినప్పుడు రామ్‌ప్రసాద్ ఫోన్లో తీసిన నీ ఫోటో వేయించాను. పెరట్లో గోనె విప్పుతూ తలెత్తి చూశావే, అది. దాని కింద పెద్దక్షరాలతో ఉన్నది చదువుకో:

"ఉతికిన నీళ్లు మొక్కలకు పోయకండి. ఆఖరిసారి జాడించిన నీళ్లలో మంచినీళ్లు కలిపి, ఎప్పుడైనా ఒకసారి పోయండి. రమణమ్మ."

పాత ముక్క దేవుడి గదిలోంచి తీసి, ఇది పెట్టుకో.

నీ అన్నయ్య